ద్రాక్షలో నారికేళపాకం

కావ్యపాకాలను వివరించిన మన ఆలంకారికులు ద్రాక్షను సులభగ్రాహ్యమైన రసానికి గుర్తుగా నిలిపినారు. ఓరుగల్లులో ప్రతాపరుద్రుని ఆస్థానమందున్న విద్యానాథుడు, లోపలా వెలుపలా రసం స్ఫురించేది ద్రాక్షాపాకమనీ, రసం లోపల గూఢంగా ఉండేది నారికేళపాకమనీ విభజించి చెప్పినాడు. తెలుగువారి వాడుకలో ఈ రెండింటి నడుమ కదళీపాకం కూడ వచ్చి చేరినది. ద్రాక్షను నోట వేసుకొన్నంతనే రసం దొరుకుతుంది. అరటిపండుకు తొక్క ఒలవవలె. కొబ్బరికాయకు పీచు తీసి, చిప్ప పగులగొట్టి, అప్పుడుగాని రసాన్ని అందుకోలేము. ఏండ్ల తరబడి తరగతి గదిలో ఈ ఉపమానాన్ని చెప్పుతూ వచ్చినవారికి, ద్రాక్షనుండియే పుట్టి నారికేళపాకంలో నిలిచిన వస్తువొకటి లోకంలో ఉన్నదంటే కొంత వింతగానే తోచును. ఫ్రాన్సు దేశంలో, ఉత్తర బర్గండీలో తయారయ్యే షాబ్లీ అనే తెల్లని వైను అటువంటిది.

మద్యాన్ని గూర్చి వ్రాయబూనినప్పుడు ముందుగా ఒక మాట చెప్పుకొనడం న్యాయం. ఆరోగ్యానికి హాని చేయని మద్యపరిమాణమంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టంగా ప్రకటించినది. ఇక్కడ ప్రసంగం పానాన్ని గూర్చి కాదు, ఆస్వాదనను గూర్చి. ఈ రెండూ ఒకటి కావనడానికి సాక్ష్యం ఆ వృత్తిలో ఉన్నవారే. వైనును పరీక్షించడమే పనిగా గలవారు ఒక్క గుక్క నోట పట్టి, నాలుకమీద అటునిటు తిప్పి, ప్రక్కనున్న పాత్రలో ఉమిసివేస్తారు. రోజుకు పదుల సంఖ్యలో వైనులను రుచిచూచేవారికి మింగడం పనికి అడ్డం. వారికి కావలసినది మత్తు కాదు, మాట. రుచిని పట్టుకొని దానికి సరియైన పేరు పెట్టడమే వారి విద్య. ఆ దృష్టితో చూచినప్పుడు ఇది సాహిత్య విద్యార్థులకు పరాయి విషయం కాదు.

షాబ్లీ ఒక చిన్న ఊరు. పారిస్ నగరానికి ఆగ్నేయంగా సుమారు 180 కిలోమీటర్ల దూరంలో, యోన్ అనే జిల్లాలో, సెరెన్ అనే చిన్న నది ఒడ్డున ఉన్నది. 'సెరెన్' అంటే ఆ భాషలో ప్రశాంతమైనది. కాని అక్కడి శీతోష్ణస్థితి అంత ప్రశాంతమైనది కాదు. చలికాలం కఠినం, వసంతం వచ్చిన తరువాత కూడ మంచు దెబ్బ తప్పదు. ద్రాక్ష పండగల ప్రదేశాలకు అది ఇంచుమించు ఉత్తరపు టంచు. అటువంటి చోట షార్దొనే అనే ఒకే ఒక్క ద్రాక్షజాతితో ఈ వైను తయారు చేస్తారు.

షార్దొనే వంశవృత్తాంతం వినదగినది. 1999లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు డేవిస్ శాఖలోని శాస్త్రజ్ఞులు, ఫ్రెంచి సహచరులతో కలిసి, జన్యుపరీక్షల ద్వారా దీని తల్లిదండ్రులను నిర్ణయించినారు. ఒకటి ప్రభువుల ఆదరణ పొందిన పినో. రెండవది గూయే బ్లాఁ అనే నాటు ద్రాక్ష. ఈ రెండవదానిని రైతులు పెంచుకొనేవారు, పెద్దలు చులకనగా చూచేవారు. ఇద్దరికీ కలిగిన సంతానం నేడు లోకమంతటా పేరు పొందినది. జాతిని బట్టి రుచి నిర్ణయమవుతుందని వాదించేవారు ఒక్కసారి ఈ కథను ఆలోచించవలె.

అయితే షార్దొనేకు స్వతహాగా తీవ్రమైన పరిమళం లేదు. ఏ నేలలో నాటితే ఆ నేల స్వభావాన్నీ, ఏ ఎండలో పండితే ఆ ఎండ స్వభావాన్నీ చూపుతుంది. ఎండ మెండుగా ఉన్న కాలిఫోర్నియా లోయలలోనో, ఆస్ట్రేలియా మైదానాలలోనో పండినప్పుడు దీని వైనులో అనాసపండు, అరటిపండు, మామిడిపండు వాసనలు తోస్తాయి. ఉష్ణదేశపు పండ్లన్నీ అందులో కొలువు తీరుతాయన్నమాట. షాబ్లీలోనో, అదే ద్రాక్ష ఆకుపచ్చని ఆపిల్‌ను, నిమ్మతొక్కను, తెల్లపూలను, తడిసిన రాతిని తలపిస్తుంది. మనకు బాగా తెలిసిన పండ్లు అక్కడ లేకపోవడమే చలిప్రాంతపు వైనుకు మొదటి గుర్తు.

దీనికి కారణం పులుపులో ఉన్నది. మామిడికాయ మనకు ఈ పాఠం చిన్ననాడే నేర్పినది. పిందెలో వగరు, కాయలో పులుపు, దోరకాయలో పులుపూ తీపీ, పండులో తీపి. ద్రాక్షలో కూడ పక్వం కొలదీ చక్కెర పెరుగుతుంది, ఆమ్లం తగ్గుతుంది. ద్రాక్షలో ముఖ్యమైన ఆమ్లాలు రెండు. ఒకటి టార్టారిక్ ఆమ్లం. మన చింతపండు పులుపుకు కూడ ప్రధాన కారణం అదియే. పండ్లలో ఈ ఆమ్లం అంత మెండుగా ఉండేవి అరుదు. ఆ అరుదైన వాటిలో చింతపండు, ద్రాక్ష ఉన్నవి. రెండవది మాలిక్ ఆమ్లం, ఆపిల్ పులుపు. వేడి పెరిగినకొలదీ పండులోని మాలిక్ ఆమ్లం హరించిపోతుంది. రాత్రులు చల్లగా ఉంటే నిలుస్తుంది. చలిప్రాంతంలో పండు తొందరపడదు. చక్కెర నెమ్మదిగా చేరుతుంది, పులుపు పోకుండా ఉంటుంది. తెలుగులో 'దోర' అనే చక్కని మాట ఉన్నది. షాబ్లీకి వాడే ద్రాక్ష పచ్చిది కాదు, పండినదే. అయినా అందులో ఆ దోరతనం చివరిదాకా మిగిలి ఉంటుంది. ఆ వైను విలువ అంతా ఆ మిగులులో ఉన్నది.

మన దేశంలో దీనికి భిన్నమైన స్థితి. హైదరాబాదు పరిసరాలలో ఒకప్పుడు పేరుపొందిన అనాబెషాహీ తినే ద్రాక్ష. దక్కను ఎండలో తీగకు చలికాలపు నిద్ర లేదు. రైతు ఏటా రెండుసార్లు కత్తిరింపులు చేసి, దానికి కాలాన్ని తానే గుర్తు చేయవలసి ఉంటుంది. అక్కడ చలి చేసే పనిని ఇక్కడ కత్తెర చేస్తున్నది.

ఇక నేల సంగతి. షాబ్లీ కొండవాలుల క్రింద సుమారు 15 కోట్ల సంవత్సరాల నాటి సముద్రగర్భపు మట్టి ఉన్నది. సున్నపురాయి, బంకమన్ను కలిసిన ఆ పొరలలో కామా గుర్తును పోలిన చిన్న ఆలిచిప్పల శిలాజాలు గుట్టలుగా కనబడుతాయి. ఆ పొరకు కిమ్మరిడ్జియన్ అని పేరు. ఇంగ్లండులో డోర్సెట్ తీరానగల కిమ్మరిడ్జ్ అనే గ్రామాన్ని బట్టి భూశాస్త్రవేత్తలు ఈ పేరు పెట్టినారు. షాబ్లీని రుచి చూచినవారు ఆలిచిప్ప, సముద్రపుగాలి, చెకుముకిరాయి అంటూ వర్ణిస్తారు. నేలలోని చిప్పలే వైనులోకి వచ్చినవని నమ్మడం హాయిగా ఉంటుంది. కాని వేల్స్ దేశపు భూశాస్త్రవేత్త అలెక్స్ మాల్ట్‌మన్ వంటివారు ఈ నమ్మకాన్ని త్రోసిపుచ్చినారు. రాతి ఖనిజాలకు రుచిగాని వాసనగాని ఇంచుమించు లేదు. వేళ్ళు వాటిని రుచి తెలిసేటంతగా పీల్చుకొనవు. నేల చేసే పని వేరు. అది నీటిని ఎంతవరకు పట్టి ఉంచవలెనో, ఎంతవరకు విడువవలెనో నిర్ణయిస్తుంది. వాలు సూర్యునివైపు ఎంత తిరిగి ఉన్నదో నిర్ణయిస్తుంది. కనుక 'చెకుముకిరాయి రుచి' అనేది రసాయనవాక్యం కాదు, ఉపమాలంకారం. ఉపమానం అబద్ధం కానక్కరలేదు. ముఖం చంద్రుడన్నప్పుడు మనం ఆకాశంలో వెదకము కదా!

ఈ ద్రాక్షతోటలకు చరిత్ర పెద్దది. 1114లో స్థాపితమైన పోంటిన్యీ మఠపు సన్యాసులు ఈ ప్రాంతంలో తోటలు పెంచినారు. పందొమ్మిదవ శతాబ్దంలో యోన్ జిల్లాలో ద్రాక్ష వేలాది హెక్టార్లలో వ్యాపించినది. పారిస్ దగ్గరలో ఉండడం చేత బేరం బాగుండేది. తరువాత దక్షిణ ఫ్రాన్సునుండి రైలుమార్గం పడి చౌక వైను నగరానికి చేరినది. ఆపైని ఫిలాక్సెరా అనే పురుగు వేళ్ళను తిని తోటలను నాశనం చేసినది. ఆ శతాబ్దం చివర మొదలైన పతనం యాభై ఏళ్ళు సాగినది. 1950ల మధ్యకు షాబ్లీలో మిగిలిన తోటలు సుమారు 500 హెక్టార్లు మాత్రమే. 1957 వసంతంలో పడిన మంచు పంటను దాదాపు తుడిచిపెట్టినది. ఆ తరువాత రైతులు మంచుతో పోరాడడం నేర్చుకొన్నారు. తోట వరుసల మధ్య చిన్న పొయ్యిలు, మైనపు దీపాలు వెలిగిస్తారు. మరికొందరు మొగ్గలమీద నీరు చిలుకుతారు. గడ్డకట్టేటప్పుడు నీరు వేడిని విడుస్తుంది. ఆ మంచు కవచం లోపల మొగ్గ సున్న డిగ్రీల దగ్గర సురక్షితంగా ఉంటుంది. మంచునుండి రక్షణకు మంచునే కప్పడం! నేడు అక్కడి తోటలు 5,000 హెక్టార్లకు మించినవి.

ఆ తోటలను నాలుగు అంతస్తులుగా విభజించినారు: పెటీ షాబ్లీ, షాబ్లీ, ప్రెమియే క్రూ, గ్రాఁ క్రూ. చివరిది ఊరికి ఎదురుగా, సెరెన్ నదికి కుడిగట్టున, నైరృతి దిక్కుకు తిరిగిన ఒకే కొండవాలు. సుమారు 100 హెక్టార్లు, అనగా 250 ఎకరాలు. అందులో ఏడు పేర్లున్నవి: బ్లాంషో, బూగ్రో, లె క్లో, గ్రెనూయ్, ప్రెజ్, వాల్‌మూర్, వోదెజీర్. ఇట్లా పేరుగల ప్రతి ద్రాక్షమడినీ బర్గండీవారు 'క్లిమా' అంటారు. అదే మాటకు ఫ్రెంచిలో శీతోష్ణస్థితి అని కూడ అర్థం. ఒకే పదంలో నేలా, గాలీ రెండూ ఇమిడి ఉన్నవి.

ఇప్పుడు ఆస్వాదన క్రమం. ఇందుకై 1977లో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఒక గ్లాసునే నిర్ణయించినది. అడుగు గుండ్రంగా, అంచు ఇరుకుగా ఉండే ఆ గ్లాసులో పోసేది 50 మిల్లీలీటర్లే. మిగిలిన చోటు వాసనకోసం. వైను మరీ చల్లగా ఉంటే పరిమళం ముడుచుకొని పోతుంది, వెచ్చగా ఉంటే పులుపు సడలుతుంది. షాబ్లీకి 10, 11 డిగ్రీల సెంటిగ్రేడు సరిపోతుంది. మొదట తెల్లకాగితం మీద పెట్టి రంగు చూడవలె. లేతదైతే పాలిపోయిన పసుపులో ఆకుపచ్చని ఛాయ ఉంటుంది. వయసు వచ్చినకొలదీ బంగారువన్నె ఎక్కుతుంది. తరువాత గ్లాసు కదపకుండా ఒకసారి, తిప్పి మరొకసారి వాసన చూడవలె. ఆపైని ఒక గుక్క నోట పట్టి, కొంచెం గాలి లోపలికి పీల్చవలె. మనం రుచి అనుకొనేదానిలో అధికభాగం వాసనయే. అది నోటి వెనుకనుండి ముక్కుకు చేరుతుంది. జలుబు చేసినప్పుడు పులుసు చప్పగా ఉండడానికి కారణం ఇదే.

షాబ్లీలో మొదట తగిలేది పులుపు. అది నాలుక ప్రక్కలను తాకి నీరూరిస్తుంది. కొత్తవారు ఇక్కడనే ఆగిపోయి, పుల్లగా ఉన్నదని పెదవి విరుస్తారు. కొబ్బరిపీచు తగిలిందన్నమాట. ఓపికగా నిలిచినవారికి ఆ పులుపు వెనుక సున్నపుతేట వంటి ఒక నిర్మలత్వం, ఆ వెనుక స్వల్పమైన ఉప్పదనం, మింగిన తరువాతనో ఉమిసిన తరువాతనో నోట మిగిలే చెకుముకి వాసన తెలుస్తాయి. మంచి వైనుకు గుర్తు ఆ మిగిలే కాలం. పాడిన తరువాత తంబురా శ్రుతి చెవిలో నిలిచినట్లు అది నిలుస్తుంది. పదేండ్లు నిలువ ఉంచిన గ్రాఁ క్రూలో తేనె, వేయించిన పప్పుల వాసన కూడ తోస్తాయని నిపుణులు చెప్పుతారు.

తయారీలో ఒక వివాదమున్నది. వైను పులిసిన పిమ్మట ఒక సూక్ష్మజీవి మాలిక్ ఆమ్లాన్ని లాక్టిక్ ఆమ్లంగా మార్చుతుంది. ఆపిల్ పులుపు పెరుగు పులుపు అవుతుంది. కొంత వెన్నవాసన కూడ పుట్టుతుంది. షాబ్లీలో పులుపు తీవ్రం కనుక ఈ మార్పును సాధారణంగా జరగనిస్తారు. ఎండ ప్రాంతాలలో దీనికి తోడు కొత్త ఓకు పీపాలలో నిలువచేస్తే వెన్న, వనిల్లా వాసనలు ద్రాక్షను మూసివేస్తాయి. షాబ్లీలో పలువురు ఉక్కు తొట్లనే వాడుతారు. పీపాలు వాడేవారు కూడ పాతవాటిని ఎంచుకొంటారు. 132 లీటర్ల ఫుయ్యెత్ అనే చిన్న పీపా ఆ ఊరి పాత ఆచారం. ఆభరణాలు ఎంతవరకు, శరీరం ఎక్కడ అన్నది కావ్యవిమర్శలోని ప్రశ్నయే.

మాటల విషయంలో మోసం కూడ ఉన్నది. 2001లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో, బోర్డో నగరంలో వైనుశాస్త్రం చదివే 54 మందికి ఒక తెల్లని వైనునే వాసన లేని ఎర్రరంగు కలిపి ఇచ్చినారు. వారు దానిని ఎర్ర వైనుకు వాడే మాటలతోనే వర్ణించినారు. కన్ను ముక్కును శాసించినది. దీనిని పట్టుకొని ఆ వర్ణనలన్నీ బూటకమని కొందరు అంటారు. నాకు అట్లా తోచదు. పూర్వకవిని చదువకనే పేరు చూచి మెచ్చుకొనే విమర్శకులు ఉన్నంతమాత్రాన కావ్యరసం లేదని అనలేము. అందువల్లనే 1980లలో డేవిస్ విశ్వవిద్యాలయపు ఆన్ నోబుల్ అనే ఆచార్యురాలు వాసనల పేర్లను ఒక చక్రంగా కూర్చినారు. బాగున్నది, గొప్పది అనే మెప్పుమాటలకు అందులో చోటు లేదు. నిమ్మ, తేనె, పచ్చగడ్డి వంటి, ఎవరైనా తెచ్చి ముక్కు దగ్గర పెట్టి సరిచూడగల మాటలే ఉన్నవి. సరిచూచుకొనగల మాటయే విమర్శకు పునాది. ఆ చక్రాన్ని తెలుగులో కూర్చవలెనంటే మనకు సామగ్రి కొరత లేదు. వగరు, పులుపు, కమ్మదనం, తొలకరి మట్టివాసన, చెకుముకి, సున్నపుతేట, దోర—ఇవన్నీ మన వంటింటిలోనూ పొలంగట్టునా పుట్టిన మాటలు. వాడక మరచిపోవడమే మన లోపం.

షాబ్లీ పేరుకు పట్టిన గతిని కూడ చెప్పవలె. అమెరికాలో చిరకాలం ఏ చౌక తెల్లవైనుకైనా 'షాబ్లీ' అని చీటీ అంటించి అమ్మినారు. అందులో షార్దొనే ఉండనక్కరలేదు. 2006లో ఐరోపా సమాఖ్యతో కుదిరిన ఒప్పందం కొత్తవారిని ఆ పేరు వాడకుండా ఆపినది గాని, అప్పటికే వాడుతున్నవారిని కాదు. పేరు బ్రతికి, వస్తువు మారిపోయిన సందర్భమది.

ఇప్పుడు దానికంటె పెద్ద మార్పు షాబ్లీ గడపలోనే నిలిచి ఉన్నది. షాబ్లీకి దక్షిణంగా, బర్గండీలోనే ఉన్న బోన్ పట్టణంలో ద్రాక్షకోత తేదీలు 1354 నుండి లభిస్తున్నవి. ఆ ఆరున్నర శతాబ్దాల లెక్కను పరిశోధకులు 2019లో ప్రచురించినారు. 1987 వరకు సగటున సెప్టెంబరు 28న జరిగిన కోత, 1988 నుండి సగటున 13 రోజులు ముందుకు వచ్చినది. కోత ముందుకు రావడమంటే, పండు మరింత వేడిలో పక్వమవుతున్నదని అర్థం. వేడి పెరిగితే మంచుబాధ తప్పుతుందనుకొంటే అదీ లేదు. శీతకాలం చివర ఎండ కాస్తే మొగ్గ తొందరపడి విచ్చుకొంటుంది. ఏప్రిల్ మంచు వచ్చి దానిని మాడ్చివేస్తుంది. 2021 వసంతంలో ఫ్రాన్సులో జరిగినది ఇదే. షాబ్లీ రైతులు భారీగా నష్టపోయినారు. మరొకవైపు, చలి ఎక్కువై మంచి వైనుకు పనికిరాదనుకొన్న దక్షిణ ఇంగ్లండులో షార్దొనే ఇప్పుడు బాగా పండుతున్నది. షాంపేన్ ప్రాంతపు తైతింజె సంస్థ 2017లో కెంట్ జిల్లాలో తీగలు నాటినది. దోరతనం ఉత్తరానికి ప్రయాణం కట్టినది.

షాబ్లీ రైతులు చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. రాత్రి చల్లదనం పోకముందే కోస్తున్నారు. ఆకు మరికొంత నిలిపి గుత్తులకు నీడ ఇస్తున్నారు. అయినా వాలు అదే, చిప్పలు అవే, చీటీమీది పేరూ అదే ఉండి, గ్లాసులో మాత్రం అనాసవాసన తేలే రోజు రాదని ఎవరు చెప్పగలరు? ఆనాడు 'చెకుముకి' అన్న వర్ణన పాత పుస్తకాలలో మిగిలిన అలంకారమవుతుంది. నిఘంటువు అర్థం చెప్పుతుంది, కాని నాలుక సరిచూడలేదు. మన ఊళ్ళలో విత్తనం మరుగుపడిన ధాన్యాల పేర్లకు, ఎండిన చెరువుల చేపల పేర్లకు ఇప్పటికే ఈ గతి పట్టినది. ఆ పేర్ల రుచి ఎరిగినవారు ఇంకా కొందరున్నారు. వారిని అడిగి, ఏది వగరో, ఏది పులుపో, ఏది దోరయో ఆ వస్తువు ఉండగానే వ్రాసిపెట్టుకొనడం భాషాసేవలో చిన్న పని కాదు.